గేమ్ కంట్రోలర్ ఎలా ఉండాలి? కొత్త హంగుల కన్నా మన్నికకే ఆటగాళ్ల తొలి ఓటు

వీడియో గేమ్ యంత్రాల తయారీ సంస్థలు కొత్త కంట్రోలర్‌ను విడుదల చేసిన ప్రతిసారీ ప్రకటనల్లో కొత్త హంగులు ముందుంటాయి. సున్నితమైన ప్రకంపనలు, బిగువు మారే ట్రిగ్గర్లు, రంగురంగుల దీపాలు వాటిలో కొన్ని. గత కొన్నేళ్లుగా వివిధ దేశాల్లో వచ్చిన ఫిర్యాదులను, వ్యాజ్యాలను పరిశీలిస్తే మాత్రం ఆటగాళ్ల కోరికల జాబితా మరో క్రమంలో కనిపిస్తుంది. బొటనవేలి కింద ఉండే చిన్న స్టిక్ ఏళ్ల తరబడి సరిగా పనిచేయాలి. బటన్ నొక్కిన మరుక్షణమే తెరపై ఫలితం కనిపించాలి. ఏదైనా భాగం చెడితే, మొత్తం పరికరాన్ని పారవేయకుండా ఆ భాగాన్నే మార్చుకునే వీలుండాలి.

మహానగరాలకు దూరంగా ఉండే కొనుగోలుదారుకు ఈ మూడు కోరికలూ మరింత ముఖ్యమైనవి. ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌లో, సీపత్ రోడ్డు వెంట ఉన్న లింగియాడీహ్ వంటి ప్రాంతాల వారు ఇటువంటి పరికరాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, అది చెడిపోయినప్పుడు మళ్లీ పార్శిల్ కట్టి పంపవలసి రావచ్చు. అందుకే కంట్రోలర్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ చెడుతుంది, కొనేముందు ఏం చూడాలి, చెడితే చట్టం ఏ అండ ఇస్తుంది అన్న విషయాలు తెలుసుకోవడం అవసరం.

కంట్రోలర్ అంటే ఏమిటి?

ఆటగాడి చేతి కదలికను యంత్రానికి అర్థమయ్యే విద్యుత్ సంకేతంగా మార్చే పరికరమే కంట్రోలర్. తెలుగు ఇళ్లలో దీన్ని ‘జాయ్‌స్టిక్’ అని, టీవీ అలవాటు కొద్దీ ‘రిమోట్’ అని కూడా అంటారు. ఇందులో ప్రధానంగా రెండు రకాల భాగాలుంటాయి. బటన్లు మొదటి రకం. ఇవి ‘నొక్కారు’, ‘నొక్కలేదు’ అనే రెండు స్థితులనే తెలియజేస్తాయి. స్టిక్‌లు, ట్రిగ్గర్లు రెండో రకం. ఎంత మేరకు కదిపారన్నది కూడా ఇవి చెప్పగలవు. స్టిక్‌ను కొద్దిగా వంచితే పాత్ర నడుస్తుంది, పూర్తిగా వంచితే పరుగెడుతుంది.

చేతికి ఒదిగిన క్రమం

నేటి కంట్రోలర్ రూపం ఒక్కరోజులో ఏర్పడలేదు. నాలుగు దిక్కులకూ కలిపి ఒకే మీటగా ఉండే దిశల బటన్‌ను నింటెండో సంస్థకు చెందిన గున్‌పేయ్ యొకోయ్ రూపొందించారు. 1982లో ‘డాంకీ కాంగ్’ చేతి ఆటయంత్రంలో వచ్చిన ఈ బటన్ 1983లో ఫ్యామికామ్ యంత్రంతో ఇంటింటికీ చేరింది. పై అంచున చూపుడువేళ్లకు అందే బటన్లు 1990లో సూపర్ ఫ్యామికామ్‌తో వచ్చాయి. త్రిమితీయ ఆటల అవసరం కొద్దీ 1996లో నింటెండో 64 కంట్రోలర్‌లో బొటనవేలితో తిప్పే స్టిక్‌ను అమర్చారు. రెండు స్టిక్‌లు, ప్రకంపన కలిసిన సోనీ ‘డ్యూయల్‌షాక్’ 1997 చివర్లో జపాన్ మార్కెట్‌లోకి వచ్చింది. ఆ తరవాత వచ్చిన కంట్రోలర్లలో అత్యధికం ఈ అమరికనే కొద్ది మార్పులతో అనుసరించాయి.

మార్పు ఎప్పుడూ మెప్పు పొందలేదు. మైక్రోసాఫ్ట్ 2001లో తొలి ఎక్స్‌బాక్స్‌తో ఇచ్చిన కంట్రోలర్ మరీ పెద్దదని విమర్శలు వచ్చాయి. 2002లో జపాన్ విడుదలకు చిన్న పరిమాణంలో మరొకటి తయారుచేశారు. చివరకు అన్ని మార్కెట్లలోనూ చిన్నదే ప్రమాణంగా నిలిచింది. ఇంట్లో తండ్రి, పదేళ్ల కూతురు ఒకే కంట్రోలర్‌ను పంచుకునే మన దేశంలో పరిమాణం, బరువు చిన్న విషయాలు కావు.

ప్రధాన ఫిర్యాదు: ‘డ్రిఫ్ట్’

స్టిక్‌ను ఎవరూ తాకకపోయినా తెరపై పాత్ర తనంతట తానే ఒక వైపు జరిగిపోవడాన్ని ‘స్టిక్ డ్రిఫ్ట్’ అంటారు. దీనికి మూలం స్టిక్ కింద ఉండే పొటెన్షియోమీటర్. పాత రేడియో వాల్యూమ్ మరలో ఉండేది కూడా ఇదే. అందులో కర్బన పూత పూసిన చిన్న పలకపై లోహపు నాలుక ఒకటి రాసుకుంటూ కదులుతుంది. నాలుక ఉన్న చోటును బట్టి విద్యుత్ పీడనం మారుతుంది. ఆ విలువను బట్టి స్టిక్ ఎటు, ఎంత వంగిందో యంత్రం లెక్కగడుతుంది. రాపిడి వల్ల పూత అరిగిపోతుంది, అరిగిన పొడి అక్కడే పేరుకుంటుంది, దానికి బయటి దుమ్ము తోడవుతుంది. పాత రేడియో వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరమన్నట్టే, స్టిక్ కూడా తప్పుడు విలువలు పంపడం మొదలుపెడుతుంది.

మరమ్మతు సమాచార సంస్థ ఐఫిక్సిట్ 2021లో ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌ను విప్పి పరిశీలించింది. అందులోని పొటెన్షియోమీటర్‌కు 20 లక్షల ఆవృత్తుల ఆయువును తయారీదారు ప్రకటించినట్టు గుర్తించింది. తుపాకీ ఆటల్లో స్టిక్‌ను ఎడతెగకుండా తిప్పేవారి విషయంలో అది సుమారు 400 గంటల ఆటకే పూర్తికావచ్చని లెక్కకట్టింది. రోజుకు రెండు గంటల చొప్పున ఆడితే ఇది ఏడు నెలలలోపే. అయితే ఆయువు పూర్తికాగానే స్టిక్ చెడి తీరుతుందని దీని అర్థం కాదు. లోపం కనిపించే అవకాశం అక్కడి నుంచి పెరుగుతుంది.

2017లో విడుదలైన నింటెండో స్విచ్ యంత్రపు ‘జాయ్‌కాన్’లతో ఈ సమస్య ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. 2019లో అమెరికాలో సామూహిక వ్యాజ్యం దాఖలైంది. 2020 జూన్‌లో వాటాదారుల సమావేశంలో సంస్థ అధ్యక్షుడు షుంతారో ఫురుకావా వినియోగదారులకు క్షమాపణ చెప్పారు. 2021 జనవరిలో ఐరోపా వినియోగదారుల సంఘాల సమాఖ్య సుమారు 25 వేల ఫిర్యాదుల ఆధారంగా ఐరోపా కమిషన్‌ను ఆశ్రయించింది. ఆ ఒత్తిడి ఫలితంగా, వారంటీ ముగిసినా ఈ లోపాన్ని అక్కడ ఉచితంగా సరిచేసేందుకు సంస్థ 2023లో అంగీకరించింది. వినియోగదారులు కలసికట్టుగా ఫిర్యాదు చేస్తే ఫలితం ఉంటుందనడానికి ఇదొక నిదర్శనం.

అయస్కాంతంతో పరిష్కారం

రాపిడే లేకపోతే అరుగుదల ఉండదు. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న భౌతిక ప్రభావం ఆధారంగా పనిచేసే ‘హాల్ ఎఫెక్ట్’ స్టిక్‌ల వెనుక ఉన్న సూత్రం ఇదే. స్టిక్ అడుగున చిన్న అయస్కాంతం ఉంటుంది. స్టిక్ వంగినప్పుడు అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పును ఎదుటనున్న సెన్సార్ తాకకుండానే కొలుస్తుంది. ఈ పద్ధతి కొత్తది కాదు. 1998లో విడుదలైన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే దీన్ని వాడారు. తరవాత పెద్ద సంస్థలు చవకైన పొటెన్షియోమీటర్ల వైపు మొగ్గడంతో ఇది వెనుకబడింది. ఇటీవల గులికిట్, 8బిట్‌డూ వంటి సంస్థలు మళ్లీ దీన్ని ప్రధాన ఆకర్షణగా మార్చాయి.

దీని తరవాతి మెట్టు ‘టీఎంఆర్’. ఇది కూడా అయస్కాంత పద్ధతే. తక్కువ విద్యుత్తుతో మరింత సూక్ష్మమైన కదలికను గుర్తించగలదు. వాల్వ్ సంస్థ 2025 నవంబర్‌లో ప్రకటించిన కొత్త స్టీమ్ కంట్రోలర్‌కు ఈ రకం స్టిక్‌లనే ఎంచుకుంది. 2025 జూన్‌లో విడుదలైన నింటెండో స్విచ్ 2 జాయ్‌కాన్‌లలో మాత్రం హాల్ ఎఫెక్ట్ లేదని ఆ సంస్థ ప్రతినిధి విడుదలకు ముందే స్పష్టం చేశారు.

అయస్కాంత స్టిక్ అంటే ఎన్నటికీ చెడనిదని భావించరాదు. స్టిక్‌ను మధ్యకు తెచ్చే స్ప్రింగు సడలవచ్చు, ప్లాస్టిక్ భాగాలు అరగవచ్చు, మధ్యబిందువును మళ్లీ సరిచేయవలసి రావచ్చు. అయినా ప్రధాన కారణమైన రాపిడి తొలగిపోవడం వల్ల ఆయువు గణనీయంగా పెరుగుతుంది.

రెండో కోరిక: జాప్యం లేకపోవడం

బటన్ నొక్కడానికీ తెరపై ఫలితం కనిపించడానికీ మధ్య గడిచే కాలమే జాప్యం. సెకనుకు 60 చిత్రాలు చూపే ఆటలో ఒక్కో చిత్రం తెరపై ఉండేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. కంట్రోలర్ తన స్థితిని సెకనుకు 125 సార్లు తెలియజేస్తే రెండు సమాచారాల మధ్య 8 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. 1000 సార్లు తెలియజేస్తే అది ఒక్క మిల్లీసెకనుకు తగ్గుతుంది. మొత్తం జాప్యంలో ఇది ఒక భాగం మాత్రమే. టీవీ చిత్రాన్ని మెరుగుపరచడానికి తీసుకునే సమయం దీని కన్నా ఎక్కువ కావచ్చు. టీవీలో ‘గేమ్ మోడ్’ ఎంచుకుంటే ఖర్చు లేకుండానే ఆ తేడా తగ్గుతుంది.

అనుసంధానం విషయంలో యూఎస్‌బీ తీగ నమ్మకమైనది. కంట్రోలర్‌తో పాటు ఇచ్చే 2.4 గిగాహెర్ట్జ్ చిన్న రిసీవర్ సాధారణంగా తరవాతి స్థానంలో ఉంటుంది. బ్లూటూత్ అనేక పరికరాలకు కలుస్తుంది కానీ జాప్యం కొంత ఎక్కువగా ఉండవచ్చు. అపార్ట్‌మెంట్లలోనూ, ఆనుకుని ఉండే క్వార్టర్లలోనూ వైఫై సంకేతాలు ఇదే తరంగ పరిధిలో కిక్కిరిసి ఉంటాయి కాబట్టి తీగతో కూడా పనిచేసే కంట్రోలర్‌ను ఎంచుకోవడం మేలు.

గుర్తుల భాష

బటన్లపై ఉండే గుర్తులు కూడా ఒక రకమైన లిపే. ప్లేస్టేషన్ బటన్ల గుర్తులను తెయ్యూ గొతో ఎంపిక చేశారు. ఆయన ఆలోచనలో వృత్తం ‘అవును’కు, ఇంటూ గుర్తు ‘కాదు’కు సంకేతాలు. జపాన్‌లో ఈ అర్థమే చాలాకాలం నడిచింది. పాశ్చాత్య దేశాల్లో ఇంటూ గుర్తే అంగీకారానికి వాడుకైంది. 2020లో ప్లేస్టేషన్ 5తో జపాన్‌లోనూ ఇంటూనే అంగీకార బటన్‌గా మార్చారు. నింటెండో కంట్రోలర్‌లో ‘ఏ’ కుడివైపు ఉంటే, ఎక్స్‌బాక్స్‌లో అది అడుగున ఉంటుంది. ఒక ఇంట్లో రెండు యంత్రాలుంటే వేలికి పట్టిన అలవాటు ప్రతిసారీ తడబడుతుంది. అందుకే బటన్ల పనిని మార్చుకునే వీలు ఉండాలన్నది ఆటగాళ్ల నుంచి తరచు వినిపించే కోరిక.

బ్యాటరీ: రెండు వాదనలు

కంట్రోలర్‌లో బిగించిన లిథియం బ్యాటరీ సౌకర్యంగా ఉంటుంది కానీ కాలక్రమంలో దాని సామర్థ్యం తగ్గుతుంది. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, కోస్తా ప్రాంతాల్లో వేడి ఆ క్షీణతను వేగవంతం చేస్తుంది. ఎండ తగిలే కిటికీ పక్కన, వేడెక్కిన టీవీ పెట్టె మీద కంట్రోలర్‌ను ఉంచకపోవడం మంచిది. ఎక్స్‌బాక్స్ సాధారణ కంట్రోలర్ మార్చుకోదగిన రెండు ఏఏ సెల్‌లతో పనిచేస్తుంది. దీన్ని పాతకాలపు పద్ధతి అనేవారున్నారు. పదేళ్ల తరవాత కూడా వీధి చివరి కిరాణా కొట్టులో సెల్‌లు కొని ఆడుకోవచ్చన్నది సమర్థించేవారి వాదన.

అన్ని చేతులకూ అందాలి

కంట్రోలర్ రెండు చేతులు, పది వేళ్లు చురుకుగా పనిచేసే వ్యక్తిని దృష్టిలో పెట్టుకుని తయారవుతుంది. అలా ఆడలేని వారి కోసం మైక్రోసాఫ్ట్ 2018లో ‘ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్’ను తెచ్చింది. దీనికి రెండు పెద్ద బటన్లుంటాయి. కాలితో, మోచేతితో, గడ్డంతో నొక్కే విడి స్విచ్‌లను వెనుకనున్న రంధ్రాలకు కలుపుకోవచ్చు. సోనీ 2023 డిసెంబర్‌లో ‘యాక్సెస్’ కంట్రోలర్‌ను విడుదల చేసింది. దీన్ని బల్లపై ఎటు తిప్పి అయినా ఉంచవచ్చు, బటన్ల మూతలను అవసరాన్ని బట్టి మార్చవచ్చు. పక్షవాతం వచ్చిన పెద్దలకు, ప్రమాదంలో చేయి కోల్పోయిన యువకులకు తోటివారితో సమానంగా ఆడే అవకాశం ఇక్కడ ముఖ్యం.

తెలుగు ఆటలు, జపాన్ కంట్రోలర్

తెలుగు రాష్ట్రాల్లో 1990లలో టీవీకి తగిలించే 8 బిట్ల నకలు యంత్రాలతో చాలామందికి కంట్రోలర్ పరిచయమైంది. అందులో బటన్ కింద రబ్బరు పొర, దాని అడుగున కర్బన చుక్క మాత్రమే ఉండేవి. బటన్ మొరాయిస్తే నాలుగు స్క్రూలు విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తే సరిపోయేది. ఆ పని రేడియోలు బాగుచేసే మెకానిక్కే చేసిపెట్టేవాడు.

2009 నాటికి పరిస్థితి మరో మలుపు తిరిగింది. హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ ఆటను, గేమ్‌శాస్త్ర సంస్థ ‘దేశీ అడ్డా’ను ప్లేస్టేషన్ 2 కోసం రూపొందించాయి. కబడ్డీ, గాలిపటాలు, గిల్లీదండ వంటి ఆటలు ‘దేశీ అడ్డా’లో చోటుచేసుకున్నాయి. కోస్తాలో బిళ్లంగోడు, తెలంగాణలో చిర్రగోనె అని పిలిచే ఆటలో కర్రను లేపి కొట్టే క్షణాన్ని స్టిక్‌కూ బటన్‌కూ కుదించవలసి వచ్చింది. పరికరం ఎక్కడ తయారైనా, దానితో ఏ ఆట ఆడాలన్నది స్థానిక ఊహ మీద ఆధారపడి ఉంటుందని ఆ ప్రయత్నాలు చూపాయి.

మొబైల్‌లో ఆడేవారికి

భారత్‌లో అత్యధికులు ఆడేది ఫోన్‌లోనే. ఐఫోన్లు 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ కంట్రోలర్లను నేరుగా గుర్తిస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లు బ్లూటూత్ ద్వారా అనేక కంట్రోలర్లకు కలుస్తాయి. అయితే ఫోన్ గుర్తించినంత మాత్రాన ఆట కూడా అంగీకరిస్తుందని చెప్పలేం. ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మొబైల్’ 2019 నవంబర్‌లో కంట్రోలర్లకు అనుమతి ఇచ్చింది. కొన్ని పోరాట ఆటలు పోటీలో సమానత్వం కోసం వాటిని అనుమతించవు. తెరపై తాకిడిని అనుకరించే మధ్యవర్తి యాప్‌లను వాడితే ఖాతా నిలిపివేసే ప్రమాదం ఉంది. తాము ఆడే ఆట నిబంధనలను చూసుకున్న తరవాతే డబ్బు ఖర్చు చేయాలి.

చిన్న పట్టణాల్లో మరమ్మతు, వినియోగదారుల హక్కులు

బిలాస్‌పూర్‌కు తెలుగువారితో ఉన్న బంధం రైలు పట్టాల మీద నడిచినది. 2003 ఏప్రిల్ 1న బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే, భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే పనిచేయడం ప్రారంభించే వరకు బిలాస్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ ఒకే ఆగ్నేయ రైల్వేలో ఉండేవి. ఉద్యోగాల వెంట వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. లింగియాడీహ్‌లో ఉన్న ఆటగాడికీ, విజయనగరంలోని అతని బంధువుకూ కంట్రోలర్ చెడినప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఒకటే. తయారీ సంస్థ విడిభాగాలు అమ్మకపోతే స్థానిక మెకానిక్ చేయగలిగింది కొద్దే. స్టిక్ భాగం సర్క్యూట్ బోర్డుకు పదికి పైగా చోట్ల టంకం వేసి ఉంటుంది. దాన్ని తీసి కొత్తది అతకడానికి నైపుణ్యం, తగిన పరికరాలు కావాలి.

2023 జనవరిలో వచ్చిన సోనీ ‘డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్’లో స్టిక్ భాగాన్ని టంకం లేకుండా విడదీసి మార్చుకోవచ్చు. ఈ సౌలభ్యం ఖరీదైన నమూనాకే పరిమితం కావడం పట్ల ఆటగాళ్లలో అసంతృప్తి ఉంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న ‘మరమ్మతు హక్కు’ పోర్టల్‌ను ప్రారంభించింది. మరమ్మతుకు ఎంత అనుకూలమో తెలిపే సూచికపై ఏర్పాటైన కమిటీ 2025 మేలో నివేదిక సమర్పించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వీడియో గేమ్ పరికరాలు కూడా వస్తాయి. చెడిన కంట్రోలర్‌ను చెత్తకుండీలో వేయరాదు.

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు విషయంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ముఖ్యమైన వెసులుబాటు ఇచ్చింది. విక్రేత ఏ నగరంలో ఉన్నా, కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. అంతకుముందు విక్రయ వేదిక ఫిర్యాదుల అధికారికి రాయాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 తెలుగు సహా 17 భాషల్లో పనిచేస్తుంది. కాబట్టి బిలాస్‌పూర్‌లో ఉన్నవారు కూడా తమ సమస్యను తెలుగులోనే చెప్పుకోవచ్చు.

కొనేముందు పరిశీలించవలసినవి

• స్టిక్ రకం: పొటెన్షియోమీటరా, హాల్ ఎఫెక్టా, టీఎంఆరా అన్నది వివరాల్లో స్పష్టంగా ఉందో లేదో చూడాలి. ట్రిగ్గర్లకు మాత్రమే హాల్ ఎఫెక్ట్ ఇచ్చి, స్టిక్‌లకు కూడా ఉన్నట్టు భ్రమింపజేసే ప్రకటనలు ఉండవచ్చు.

• అనుకూలత: తమ యంత్రం, కంప్యూటర్ లేదా ఫోన్‌తో పాటు తాము ఆడే ఆటకు కూడా అది పనికివస్తుందో నిర్ధారించుకోవాలి.

• వారంటీ: కాలపరిమితి ఎంత, స్టిక్ లోపానికి వర్తిస్తుందా, వస్తువు పంపే ఖర్చు ఎవరిది అన్నవి చదవాలి. బిల్లును భద్రపరచాలి.

• తొలి పరీక్ష: పెట్టె తెరిచే దృశ్యాన్ని ఫోన్‌లో చిత్రీకరించాలి. వాపసు గడువు ముగియక ముందే యంత్రపు సెట్టింగుల్లో స్టిక్ మధ్యలో నిలుస్తోందా, చివరి వరకు వెళుతోందా అన్నది చూడాలి.

• నిష్క్రియ పరిధి: స్టిక్ చిన్నగా కదిలినా ఆట పట్టించుకోని ఈ పరిధిని కొద్దిగా పెంచితే స్వల్ప డ్రిఫ్ట్ కనిపించదు. ఇది తాత్కాలిక ఉపశమనమే. గురి సున్నితత్వం తగ్గుతుంది, లోపం అలాగే ఉంటుంది. వారంటీ ఉన్నప్పుడు ఈ చిట్కాతో సరిపెట్టుకోకుండా ఫిర్యాదు చేయడమే సరైన మార్గం.

కొత్త కంట్రోలర్‌లో ఏముండాలన్న ప్రశ్నకు ఆటగాళ్ల సమాధానం క్లుప్తమైనది. పట్టుకుంటే చేతికి అమరాలి, చెప్పినట్టు వినాలి, చెడితే బాగుపడాలి. హంగులు వీటి తరవాతే.